అలిపిరి మెట్ల మీద అమ్మ, బ్రైటన్ తీరాన నేను

తిరుపతిలో పుట్టి పెరిగిన వాళ్ళకు ఒక అలవాటుంటుంది. ఏ ఊళ్ళో దిగినా ముందు కొండ ఏ దిక్కున ఉందా అని వెతుక్కుంటాం. మాకు ఉత్తరం అంటే కొండ. దారి తప్పితే కొండ చూసి ఇంటికి పోతాం. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు దిక్కులు తెలియక నెల రోజులు తికమకపడ్డాను.

2003 సెప్టెంబరు మొదటివారంలో కంపెనీ పని మీద ఇంగ్లండులోని బ్రైటన్‌కు వెళ్ళాను. లండన్ విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే గంట ప్రయాణం. స్టేషన్ బయటికొచ్చి నిలబడితే ఎదురుగా దిగువన సముద్రం, వెనక్కి తిరిగితే ఉత్తరాన పచ్చటి గుట్టలు. సౌత్ డౌన్స్ అంటారు వాటిని. మన శేషాచలం ముందు అవి కొండలే కావు, దిబ్బలు. అయినా ఉత్తరాన ఏదో ఒకటి ఎత్తుగా ఉంది కదా అని మనసుకు కాస్త ధైర్యం వచ్చింది.

నాకు అది మొదటి విదేశీ ప్రయాణం. వీసా రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి వస్తే అలిపిరి నుంచి నడిచి, మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి కొండెక్కుతానని అమ్మ మొక్కుకుంది. వీసా వచ్చింది. నేను విమానమెక్కాను. మొక్కు మాత్రం అమ్మ మీద ఉండిపోయింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. "ఇప్పుడేం తొందర? చలికాలంలో నేనొచ్చాక పోదాంలే" అని చెన్నై ఎయిర్‌పోర్టులో కూడా చెప్పాను. "దేవుడికి వాయిదాలు చెప్తారా?" అంది.

బ్రహ్మోత్సవాల్లోనే తీర్చుకుంటానని పట్టుబట్టింది. రోజు కూడా ఖాయం చేసుకుంది. 2003 అక్టోబరు 1, బుధవారం. మధ్యాహ్నం ఎండ తగ్గాక బయలుదేరాలి.

*

బ్రైటన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. తీరంలో ఇసుక ఉండదు, అంతా గులకరాళ్ళే. మన మెరీనా బీచ్ చూసిన కళ్ళకు అది తీరంలాగే అనిపించదు. చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేం. సముద్రంలోకి చొచ్చుకుపోయిన పొడవాటి పియర్ ఒకటుంది. దాని మీద జాతరలో ఉన్నట్టు రంగులరాట్నాలు, బొమ్మల అంగళ్ళు. దానికి పడమరగా ఇంకో పియర్ ఉండేది. 2003లోనే మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి తగలబడి, నేను వెళ్ళేటప్పటికి నీళ్ళలో నల్లటి ఇనుప అస్థిపంజరంలా నిలబడి ఉంది.

ఊరి మధ్యలో రాయల్ పెవిలియన్ అనే భవనం ఉంది. చూడగానే ఏ నవాబు కోటో అనిపిస్తుంది. గుమ్మటాలు, మినార్లు, జాలీ కిటికీలు. తరువాత నాలుగో జార్జి రాజైన యువరాజు సరదాపడి కట్టించుకున్నది. 1815 నుంచి జాన్ నాష్ అనే ఆయన దానికి ఈ హిందూస్థానీ వేషం వేశాడు. ఇద్దరూ ఇండియా ముఖం చూసిన వాళ్ళు కారు. బొమ్మలు చూసి కట్టారు. మన ఊళ్ళో పెళ్ళి పందిరికి వేసే తాజ్‌మహల్ సెట్టింగు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నేనున్నది సముద్రానికి రెండు వీధుల అవతల ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో. దాన్ని నడిపేది అరవై దాటిన ఒక పెద్దావిడ. అందర్నీ "లవ్" అనే పిలుస్తుంది. మొదటిరోజు "గుడ్ మార్నింగ్ లవ్" అనేసరికి నాకు గుండె గుభేలుమంది. తర్వాత చూస్తే పాలవాణ్ణి, పోస్టుమ్యాన్‌ను కూడా అలాగే పిలుస్తోంది.

*

ఆ బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి టీమ్ అంతా భోజనానికి బయటికొచ్చాం. ఎండ కాస్తోంది. ఆ దేశంలో ఎండ కాస్తే ఎవరూ ఆఫీసులో కూర్చోరు. నేనూ, గుంటూరబ్బాయి, వరంగల్ అబ్బాయి తీరం దాకా నడిచాం. వాళ్ళు చేపలు, చిప్స్ కొనుక్కున్నారు. నేను చిప్స్ ఒక్కటే. సీగల్ పక్షి ఒకటి వచ్చి గుంటూరబ్బాయి చేతిలో చేపముక్క తన్నుకుపోయింది. కడుపుబ్బా నవ్వుకున్నాం.

తర్వాత లెక్క చూసుకుంటే, మేం అలా నవ్వుకుంటున్న వేళకే అక్కడ తిరుపతిలో నాలుగున్నర అయింది.

ఒంటిగంటన్నరకు సీటు దగ్గరికొచ్చాక గుంటూరబ్బాయి అలవాటుగా ఈనాడు సైట్ తెరిచాడు. ఆఫీసు కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు లేదు, వేసుకోవడానికి పర్మిషనూ లేదు. అక్షరాలన్నీ చిందరవందరగా, గొలుసు తెగిన పూసల్లా కనబడతాయి. కానీ ఫోటో కనబడుతుంది కదా. నుజ్జయిపోయిన అంబాసిడర్ కారు. వెనక కొండరాళ్ళు, పొదలు. అంతే చూశాను. ఎక్కడో చెప్పడానికి నాకు ఫాంటు అక్కర్లేకపోయింది.

రెడిఫ్‌లో, బీబీసీలో వెతికితే ఇంగ్లీషులో దొరికింది. బ్రహ్మోత్సవాలకు ప్రభుత్వం తరఫున పట్టు వస్త్రాలు సమర్పించడానికి తిరుమల వెళుతున్న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్ మీద అలిపిరి దాటగానే ఘాట్ రోడ్డులో క్లేమోర్ మైన్లు పేల్చారు. ముఖ్యమంత్రి గాయాలతో బయటపడ్డారు. ఆయనతో ఉన్న మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డి, తిరుపతి ఎమ్మెల్యే చదలవాడ కృష్ణమూర్తి, పుత్తూరు ఎమ్మెల్యే రాజశేఖరరెడ్డి గాయపడ్డారు. పీపుల్స్‌వార్ పని అని అనుమానం.

ఆ వార్తలో మెట్ల దారి గురించి ఒక్క ముక్క లేదు. నడిచిపోయే భక్తుల గురించి ఒక్క ముక్క లేదు.

చదివేవారిలో తిరుపతి బాగా తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. అలిపిరి అంటే కొండకు గుమ్మం. బస్సులు, కార్లు పోయే ఘాట్ రోడ్డు మొదలయ్యేదీ అక్కడే, నడకదారి మెట్లు మొదలయ్యేదీ అక్కడే. రెండూ ఇరుగుపొరుగు. పాదాల మండపంలో స్వామి పాదరక్షలు నెత్తిన పెట్టుకుని, కర్పూరం వెలిగించి, "గోవిందా" అని మొదటి మెట్టెక్కుతారు. అక్కడి నుంచి తిరుమలకు తొమ్మిది కిలోమీటర్లు, 3550 మెట్లు. బ్రహ్మోత్సవాల్లో ఆ గుమ్మం దగ్గర ఇసుక వేస్తే రాలదు.

*

ఇంటికి ఫోన్ చేశాను. మేనేజరు తెల్లాయన, విషయం విని తన గదిలోకి తీసుకెళ్ళి ఫోను నాకిచ్చి తలుపు వేసి వెళ్ళాడు. మొదట ఆరేడుసార్లు లైన్ కలవలేదు. కలిశాక మోగింది, మోగింది, మోగింది. ఎవరూ ఎత్తలేదు. ఎత్తరని నాకు తెలుసు. వాళ్ళు కొండకు పోయారు. అయినా ఆ మోత వింటుంటే మా భవానీనగర్ ఇంట్లో స్టూలు మీది ఫోను, దాని మీద అమ్మ కుట్టిన క్రోషియా గుడ్డ, అన్నీ కళ్ళకు కట్టాయి.

అక్క చిత్తూరులో ఉంటుంది. బావ బడిపంతులు. వాళ్ళకు ఫోన్ లేదు, పక్కింటి వాళ్ళది పీపీ నంబరు. అది కలిసేసరికి మూడైంది. అక్క పరిగెత్తుకొచ్చింది, ఆయాసం వినబడుతోంది.

"యాడుండావురా నువ్వు?"

"ఆఫీసులో. అమ్మ, నాయన ఎప్పుడు బయలుదేరినారు?"

"పొద్దున చేసినప్పుడు మూడింటికి ఇంట్లోంచి పోతామన్నారు. ఇప్పుడు ఘాట్ రోడ్డంతా పోలీసులంట. టీవీలో చెప్తా ఉండారు. మీ బావ తిరుపతికి బస్సెక్కినాడు." కాసేపు మాటల్లేవు. "నేను వద్దన్నారా, నాలుగు రోజులు ఆగి పొమ్మన్నా. వినలేదు."

మర్నాడు పొద్దున ఆరున్నరకు మళ్ళీ ఆ నంబరుకే చెయ్యమంది. ఈలోగా చేస్తే పక్కింటి వాళ్ళు విసుక్కుంటారని కాదు, లైను ఖాళీగా పెడితే నాయన చేస్తాడేమోనని.

సీటు దగ్గరికొచ్చి నేను చేసిన పని చెబితే నవ్వుతారు. ఎక్సెల్ షీటు తెరిచాను. మూడింటికి బయలుదేరితే భవానీనగర్ నుంచి అలిపిరికి బస్సులో, ఆ రద్దీలో, అరగంట. చెప్పులు వదిలి, కొబ్బరికాయ కొట్టి, పాదాల మండపం దగ్గర క్యూ, ఇంకో అరగంట. నాలుగింటికి మొదటి మెట్టు. మామూలుగా ఎక్కేవాళ్ళు అరగంటలో అయిదారు వందల మెట్లు దాటతారు, చాలా పైకి పోయుంటారు. కానీ అమ్మ మెట్టు మెట్టుకీ వంగాలి, పసుపు రాయాలి, బొట్టు పెట్టాలి. నిమిషానికి అయిదారు మెట్లు. నాలుగున్నరకు ఆమె నూట యాభయ్యో, నూట ఎనభయ్యో మెట్టు మీద ఉంటుంది. అంటే అలిపిరికి పైన కాదు, అలిపిరిలోనే.

ఎన్నిసార్లు అంకెలు మార్చినా ఆమె ఆ గుమ్మం దాటలేదు. ఆ మొక్కు నా వీసా కోసం. షీటు మూసేశాను.

అప్పుడు వరంగల్ అబ్బాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. "మెట్లదారి మీద చెయ్యరు. వాళ్ళ గురి కాన్వాయ్ మీదే" అన్నాడు.

"గురి ఉంటే మాత్రం, జనం ఉన్నారని తెలియదా?" అన్నాను. నా గొంతు పెరిగింది.

అతను కోపం తెచ్చుకోలేదు. "మా ఊళ్ళో పగలు పోలీసులు, రాత్రి అన్నలు. మందుపాతర అన్న మాట నాకు మూడో తరగతిలో తెలుసు. మా మేనమామ బస్సు దిగి ఇల్లు చేరేదాకా అత్తమ్మ అన్నం తినేది కాదు. మీకు ఇవ్వాళ తెలిసింది" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట చెప్పాడంతే.

నేనేమీ అనలేకపోయాను. 2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేల్చి మంత్రి మాధవరెడ్డిని చంపినప్పుడు నేను హైదరాబాదులోనే ఉన్నాను. పేపరు చదివి, "అయ్యో" అనుకుని, టిఫిన్‌కు పోయాను. 2001 చివర్లో కేంద్రం పీపుల్స్‌వార్‌ను ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చినప్పుడు అది నాకు జనరల్ నాలెడ్జి ప్రశ్న. రాయలసీమ అంటే బాంబులని సినిమాలు చూసి అందరూ అంటారు. "మా తిరుపతిలో అలాంటివేమీ ఉండవు బాబూ" అని కాలేజీ రోజుల నుంచీ నేను సమాధానం చెప్పేవాణ్ణి. ఆ సమాధానంలో ఎంత నిశ్చింత ఉందో, పక్క జిల్లాల వాళ్ళకు అది ఎలా వినబడి ఉంటుందో ఆ రోజు దాకా ఆలోచించలేదు.

క్లేమోర్ అన్నది స్కాట్లాండ్ వాళ్ళ పాతకాలపు పెద్ద కత్తి పేరట. ఆ పేరే ఈ మందుపాతరకు పెట్టారు. అన్ని వైపులకూ కాకుండా ఒక్క వైపుకే ఇనుప గుళ్ళు చిమ్మేలా చేస్తారు. ఆ సాయంత్రం నెట్‌లో ఇవన్నీ చదివాను. ఏ వైపుకు పెట్టారో ఎవరూ రాయలేదు.

*

ఆరింటికి ఆఫీసు మూశారు. రూముకు పోబుద్ధి కాలేదు. తీరం వెంట నడిచాను. పడమటి పియర్ ఎముకల మీద గుంపులు గుంపులుగా పిట్టలు ఎగురుతున్నాయి. రోడ్డుకు ఇవతల గ్రాండ్ హోటల్, తెల్లగా, పెళ్ళి కేకులా. రోజూ దాని ముందు నుంచే పోతాను, ఎప్పుడూ పట్టించుకోలేదు.

గెస్ట్‌హౌస్ హాల్లో టీవీ నడుస్తోంది. బోర్న్‌మత్‌లో లేబర్ పార్టీ మహాసభలు. ఇరాక్ గురించి ఎవరో మాట్లాడుతున్నారు. మా ఊరి వార్త వస్తుందేమోనని చాలాసేపు నిలబడ్డాను. రాలేదు. పెద్దావిడ నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. పేర్లేవీ అర్థం కాకపోయినా, "మీ ముఖ్యమంత్రి మీద బాంబు, మీ అమ్మ ఆ దారిలో ఉంది" అన్నంత వరకు అర్థమైంది. టీవీ కట్టేసింది.

"నువ్వు గ్రాండ్ ముందు నుంచే కదా వచ్చావు" అని అప్పుడు చెప్పింది.

1984 అక్టోబరు 12. కన్సర్వేటివ్ పార్టీ మహాసభల కోసం ప్రధాని మార్గరెట్ థాచర్, మంత్రులు ఆ హోటల్లోనే దిగారు. తెల్లవారుజామున 2 గంటల 54 నిమిషాలకు బాంబు పేలింది. ఐఆర్‌ఏ మనిషి ఒకడు కొన్ని వారాల ముందే మారుపేరుతో గది తీసుకుని, టైమర్ పెట్టి దాచిపోయాడు. హోటల్ మధ్యభాగం పై నుంచి కింద దాకా కూలింది. అయిదుగురు చనిపోయారు. ముప్పై మందికి పైగా గాయపడ్డారు. థాచర్‌కు ఏమీ కాలేదు. తెల్లారి తొమ్మిదిన్నరకు సభ అనుకున్న వేళకే మొదలుపెట్టించింది.

ఇవి పుస్తకాల్లో ఉన్న విషయాలే. పెద్దావిడ చెప్పింది వేరే. ఆమె చెల్లెలు అప్పుడు ఆ హోటల్ వంటింట్లో పని చేసేదట. ఆ రాత్రి డ్యూటీ ఉందో లేదో ఈమెకు తెలియదు. చప్పుడుకు లేచి నైటుగౌను మీద కోటు వేసుకుని వీధిలోకి పరిగెత్తింది. పోలీసులు తాడు కట్టి ఎవర్నీ పోనివ్వలేదు. తెల్లారేదాకా ఆ తాడు పట్టుకుని నిలబడింది. పొద్దున ఎనిమిదింటికి చెల్లెలు నిద్రలేచి ఇంటి నుంచి ఫోన్ చేసింది. ఆ రోజు ఆమెకు సెలవు.

"కట్టుబట్టలతో బయటపడ్డ వాళ్ళ కోసం మార్క్స్ అండ్ స్పెన్సర్ వాళ్ళు పొద్దున్నే షాపు తెరిచారు. పైజామాల్లో ఉన్న పెద్దపెద్ద నాయకులు కొత్త సూట్లు వేసుకుని మీటింగుకు పోయారు. నాకు అదే గుర్తుంది లవ్. ప్రధాని ఏం మాట్లాడిందో గుర్తు లేదు" అంది. తర్వాత నాకో టీ ఇచ్చి, హాల్లో ఫోన్ వాడుకోమని, ఎంతసేపైనా పర్వాలేదని చెప్పి పడుకోవడానికి వెళ్ళింది.

*

చిత్తూరులో పొద్దున ఆరున్నర అంటే బ్రైటన్‌లో రాత్రి రెండు. పదకొండు నుంచి రెండు దాకా హాల్లో మేడమెట్ల మీద కూర్చున్నాను. పదమూడు మెట్లు. ఆ మూడు గంటల్లో నాకు వేరే పని లేదు, లెక్కపెట్టాను. జేబులో అయిదు పౌండ్ల కాలింగ్ కార్డు. అప్పటి మన లెక్కలో సుమారు 375 రూపాయలు.

రెండు కొట్టగానే చేశాను. ఒకటో మోతకే ఎత్తారు.

"నాయన ఇప్పుడే చేసినాడు. పైన ఉండారు. బాగుండారు" అంది అక్క. ఆ తర్వాత ఏడ్చింది. పొద్దున్నుంచీ ఏడవలేదట.

నేనేం మాట్లాడానో గుర్తులేదు. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని ఆడగొంతు హెచ్చరించింది. తలెత్తి చూస్తే పెద్దావిడ మెట్ల మీద నిలబడి ఉంది, గౌను మీద కోటు వేసుకుని. ఎప్పటి నుంచి ఉందో. బొటనవేలు ఎత్తి చూపించాను. తల ఊపి లోపలికి పోయింది.

*

ఆ ఆదివారం విజయదశమి. గుడి లేదు, జమ్మిచెట్టు లేదు. పెద్దావిడే చెప్పింది, "మీ వాళ్ళ గుర్తు ఒకటి ఆ గుట్టల మీద ఉంది, చూశావా" అని.

రాయల్ పెవిలియన్‌ను మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్పత్రి చేశారు. ఫ్రాన్స్‌లో గాయపడిన భారత సైనికులను 1914 డిసెంబరు నుంచి అక్కడికే తెచ్చారు. షాండ్లియర్ల కింద మంచాలు వేశారు. హిందువులకు, ముస్లింలకు, సిక్కులకు వేరు వేరు వంటిళ్ళు, వేరు వేరు కుళాయిలు. బ్రైటన్ ఆస్పత్రుల్లో చనిపోయిన హిందువులను, సిక్కులను ఊరికి దూరంగా ఆ గుట్టల మీద దహనం చేశారు. యాభై ముగ్గురిని. అక్కడ తెల్ల పాలరాతితో ఒక ఛత్రి కట్టి 1921లో ప్రారంభించారు. పేరు కూడా ఛత్రీయే.

బండి పోయే దారి లేదు. ప్యాచమ్ అనే ఊరి దగ్గర నుంచి గొర్రెల మేత బీళ్ళ మధ్య నడవాలి. గాలి చెవులు కోసేస్తోంది. పైకి వెళ్ళి చూస్తే గుమ్మటం, దాని ముందు నేల మీద మూడు బండలు, చితులు పేర్చిన చోట్లు. దిగువన ఊరు, ఊరి అవతల సముద్రం. మనిషి లేడు.

అక్కడ నిలబడి ఆ యాభై మూడు ఇళ్ళ గురించి అనుకున్నాను. ఏ పంజాబు పల్లెలోనో, ఏ గఢ్వాల్ కొండల్లోనో. ఆ కబురు ఇల్లు చేరడానికి ఎన్ని వారాలు పట్టి ఉంటుంది? అంతవరకూ ఆ తల్లి కొడుకు బతికే ఉన్నాడనుకుని మొక్కులు మొక్కుతూనే ఉంటుంది. నాకు పన్నెండున్నర గంటలు. పన్నెండున్నర గంటలు నేను ఎక్సెల్ షీటుతో, కాలింగ్ కార్డుతో గడిపాను. జేబులో రూముకు పెట్టుకున్న కుంకుమ పొట్లం ఉంది, మా అమ్మ సూట్‌కేసులో పెట్టింది. ఛత్రి ఎక్కే మెట్లకు కొంచెం కొంచెం పెట్టాను. ఎందుకు పెట్టానో అడిగితే చెప్పలేను. దిగి వచ్చేశాను.

*

సంక్రాంతికి ఇంటికొచ్చాను. అసలు ఏం జరిగిందో అప్పుడు ముద్దలు మింగుతూ నాయన చెప్పాడు. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయిన మనిషి, సగం జీవితం ఘాట్ రోడ్డు బస్సుల కింద గడిపాడు.

"సద్దు వినబడింది. బస్సు టైరు పేలిందనుకున్నా. మళ్ళా అనుకున్నా, ఒక టైరు ఇంత సద్దు చేయదే అని. జనమంతా గోవిందా గోవిందా అని అరిచినారు. కొందరు కిందికి పరిగెత్తినారు. మీ అమ్మ వంగింది లేవలే. ఏమేమో అనుకుని భయపడి దగ్గరికి పోతే, బొట్టు పెడతా ఉంది. 'పద పద, కిందికి పోదాం' అన్నా. 'నడిమధ్యలో మొక్కు వదిలిపెడతారా' అనింది."

కిందికి పోనివ్వలేదు కూడా. పోలీసులు వచ్చి కింద దారి మూసేశారు. ఎక్కుతూనే ఉన్నారు. గాలిగోపురం దగ్గరికి చేరేసరికి చీకటి. అక్కడ ఎవరో ట్రాన్సిస్టర్ పెట్టుకుంటే అప్పుడు తెలిసింది ఏం జరిగిందో. తిరుమల చేరేసరికి రాత్రి ఒంటిగంట. ఎస్టీడీ బూతుల ముందు బారులు. పొద్దున ఆరింటికి కానీ వంతు రాలేదు.

"నువ్వు టీవీ చూసి భయపడతావని మాకేం తెలుసు? అంత దూరంలో ఉండేవాడివి, నీకు ఎవరు చెప్తారులే అనుకున్నాం" అంది అమ్మ.

నాయన ఆయన గురించి కూడా ఒక మాట అన్నాడు. మాది చంద్రగిరి మండలమే, చంద్రబాబు పుట్టిన నారావారిపల్లె మా చిన్నాయన పొలానికి పెద్ద దూరం కాదు. చిన్నాయనకు వానల్లేక రెండేళ్ళుగా వేరుశనగ పోయింది, రెండు బోర్లు ఎండిపోయాయి. ఆయన అప్పటి ప్రభుత్వాన్ని తిట్టని రోజు లేదు. బాంబు వార్త విన్న రాత్రి మాత్రం అన్నం ముట్టలేదట. "మా కోపం మేము ఓటుతో తీర్చుకుంటాం. మధ్యలో వీళ్ళెవరు?" అన్నాడట. నవంబరులో అసెంబ్లీ రద్దయింది. అప్పటికి ఎన్నికలు రాబోతున్నాయి. చిన్నాయన కోపం ఎటు తిరుగుతుందో అప్పుడు నాకు తెలియదు. ఆయన ఆ మాట అన్నది మాత్రం మరిచిపోలేను.

కనుమ మర్నాడు ముగ్గురం అలిపిరికి పోయాం. ఘాట్ రోడ్డు మీద బస్సులు మామూలుగా పోతున్నాయి. పేలిన చోటు చూపించమంటే నాయన చెయ్యి ఊపి "ఆ పక్క" అన్నాడు. రోడ్డు పోసేశారు, చూడటానికి ఏమీ లేదు. టోల్‌గేట్ దగ్గర తనిఖీ పెరిగింది. బ్యాగులు విప్పి చూస్తున్నారు. మా అమ్మ సంచిలో పసుపు పొట్లాన్ని కానిస్టేబుల్ వాసన చూసి, కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చాడు.

మొదటి మెట్టు దగ్గర నాయన ఆగాడు. ఆ రోజు మర్నాడు బస్సులో కిందికి దిగితే, చెప్పులు వదిలిన చోటికి పోనివ్వలేదట. ఇద్దరూ ఉత్త కాళ్ళతో ఇల్లు చేరారు. నాయనవి కొత్త చెప్పులు, నా మొదటి జీతంలో కొనిచ్చినవి. మూడు నెలలైంది. అయినా చెప్పుల స్టాండు అతని దగ్గరికి పోయి, "బ్రహ్మోత్సవాలప్పుడు వదిలినాం అబ్బయ్యా, బ్రౌను రంగువి" అన్నాడు.

అతను నవ్వాడు. "ఆ దినం వదిలినోళ్ళు చానామంది అయ్యా. మూట కట్టి పెట్టినాము" అని గోనెసంచి తెచ్చి బోర్లించాడు. ఎన్ని జతలో. చిన్నపిల్లల షూలు, హవాయి చెప్పులు, పట్టీ తెగినవి, ఒంటివి. నాయన కింద కూర్చుని ఒక్కొక్కటే తీసి చూశాడు. ఆయనవి దొరకలేదు. అమ్మవి దొరికాయి.

ఆమె వాటిని వేసుకోకుండా చేత్తో పట్టుకుంది. "స్టాండులోనే ఉండనీ, వచ్చేటప్పుడు తీసుకుంటా" అని తిరిగి అతనికే ఇచ్చి టోకెన్ తీసుకుంది. టోకెన్ కొంగుకు ముడివేసుకుంది. కొబ్బరికాయ నా చేతిలో పెట్టి, "నువ్వొచ్చినావు కదా, ఈసారి పసుపు నువ్వు పెట్టు" అంది.

వంగాను. నూట ఎనభయ్యో మెట్టు దాటినప్పుడు లేచి ఒకసారి వెనక్కి చూశాను. అలిపిరి అంతా కాళ్ళ కిందే ఉంది, చెయ్యి చాస్తే అందేటంత దగ్గర. నా లెక్క తప్పు కాలేదు. మళ్ళీ వంగాను.